ఊరికే వచ్చిన సీటు

మేం ఇద్దరం అన్నదమ్ములం. రాసే చెయ్యి చిన్నోడిది, మాట ఇద్దరిదీ. అందుకే ఇందులో ‘నేను’ ఉండదు. కువైట్‌కు మనుషుల్ని పంపిన కడప ఇళ్లల్లో ‘నేను’ పెద్దగా చెల్లే మాట కూడా కాదు. ఒకడు పోతాడు, పదిమంది తింటారు. ఒకడు అప్పు చేస్తాడు, పదిమంది తీరుస్తారు.

మా ఇంట్లో విమానం వింత కాదు. అబ్బా ఎక్కాడు. పెద్దోడు ఎక్కాడు. చిన్నోడు ఎక్కాడు. ఆపా 20 నంబరు వీసా మీద పోయి, రెండేళ్లు ఎవరి పిల్లల్నో ఎత్తుకుని తిరిగి, తన పిల్లల దగ్గరికి వచ్చింది. ఎక్కనిది అమ్మ ఒక్కతే. ప్రతిసారీ మద్రాసు మీనంబాక్కం దాకా వచ్చేది. గాజు తలుపుల ఇవతల నిలబడి, లోపల మా చొక్కా రంగు కనబడినంతసేపు చెయ్యి ఊపి, అదే జీపులో రాత్రికి రాత్రి కడప తిరిగొచ్చేది. ముప్పై ఏళ్లు ఆమెకు విమానం అంటే ఆ గాజు తలుపే.

మా ఇంటికి ఊరికే వచ్చిన మొదటి విమానం సీటు 1990 నాటిది. అబ్బా అప్పుడు కువైట్‌లో దర్జీ. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కుట్టుమిషను, కుట్టిన బట్టలు, రావలసిన జీతం అన్నీ అక్కడే వదిలి బస్రా, బాగ్దాద్, జోర్డాన్ సరిహద్దు, ఆ తర్వాత అమ్మాన్. అమ్మాన్ నుంచి ఎయిరిండియా 59 రోజుల్లో 488 సార్లు విమానాలు నడిపి లక్షమందికి పైగా మనవాళ్లను బొంబాయికి చేర్చింది. ఆ లక్షమందిలో అబ్బా ఒకడు. బొంబాయిలో మద్రాసు రైలెక్కి కడపలో దిగాడు. చేతిలో ఒక సంచి, సంచిలో కత్తెర. అంతే మిగిలింది.

ఆ ప్రయాణం గురించి అబ్బా ఎక్కువ చెప్పేవాడు కాదు. ఒక్క మాట మాత్రం పదేపదే చెప్పేవాడు. గుడారాల దగ్గర వరసలో నిలబెట్టి ‘ఇండియా, ఇండియా’ అని పిలిచేవాళ్లట. షేకా, సయ్యదా, రెడ్డా, నాయరా అని కాదు. ‘ఇండియా’ అంటే అబ్బా లేచి నిలబడ్డాడు. ఆ రెండేళ్ల తర్వాత, 1992 డిసెంబరులో, ఊళ్లో ఇంకో రకంగా పిలవడం మొదలుపెట్టినప్పుడు అబ్బాకు అమ్మాన్ వరస గుర్తొచ్చేది. అబ్బా 2009లో పోయాడు.

రెండో ఊరికే సీటు కథే ఇప్పుడు చెప్పబోయేది.

విమాన కంపెనీల పాయింట్ల సంగతి తెలియనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం చెప్పాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో ఈ ఆట మొదలుపెట్టింది. మా విమానమే ఎక్కితే ఎక్కిన దూరానికి లెక్క రాసుకుంటాం, ఆ లెక్క పెరిగితే ఒక సీటు ఇస్తాం అంది. మిగతా కంపెనీలు వెంటపడ్డాయి. మా ఊరి చిల్లరకొట్టులో సబ్బుల మీది లేబుళ్లు పది దాచిపెడితే ఒక గ్లాసు ఇచ్చేవాళ్లు చూడండి, అదే యవ్వారం. కాకపోతే ఇక్కడ గ్లాసుకు గడువుంటుంది.

ఆ గడువులోనే అసలు కిటుకంతా ఉంది. పెద్దోడు 18 నంబరు వీసా డ్రైవరు. రెండేళ్లకోసారి సెలవు. కఫీల్ కొనిచ్చేది అన్నిటికన్నా చవక టిక్కెట్టు. చవక టిక్కెట్టుకు పాయింట్లు సగమో పాతికో వంతు. అవి కూడా మూడేళ్లకు చెల్లిపోతాయి. అంటే మొదటి ప్రయాణం పాయింట్లు ఇంకో ప్రయాణం పాయింట్లతో కలిసి లేచి నిలబడేలోపే మురిగిపోతాయి. పదమూడేళ్లు విమానాల్లో తిరిగినా పెద్దోడి ఖాతాలో ఎన్నడూ ఒక సీటుకు సరిపడా పాయింట్లు చేరలేదు. ‘తరచుగా ఎగిరేవాళ్లు’ అని ఆ ఖాతా ఉన్నవాళ్లకు పేరు. ఇల్లు వదిలి బతికేవాళ్లు వేరు, తరచుగా ఎగిరేవాళ్లు వేరు. ఇంటికి రావడానికి సెలవు దొరకనివాడికి ఈ పథకంలో చోటు లేదు.

చిన్నోడి కథ వేరు. ఆస్పత్రి ల్యాబుల్లో యంత్రాలు బాగుచేసే పని. కంపెనీ ఖర్చుతో ఈ నెల దుబాయి, వచ్చే నెల బహ్రైన్, ఆ తర్వాత దోహా. ఎక్కిందల్లా పాయింటే. డబ్బు కంపెనీది, పాయింట్లు ఎక్కినవాడివి. చదివించింది పెద్దోడి స్టీరింగు, పాయింట్లు పడింది చిన్నోడి పేరున. ఇట్లాంటి లెక్కలు మా ఇంట్లో ఎవరూ రాయరు. ఇప్పుడు రాయాల్సొచ్చింది.

2017 అక్టోబరులో ఇద్దరం ఒకేసారి కడపలో ఉన్నాం. పెద్దోడిది మూడు నెలల సెలవు, చిన్నోడిది పదిహేను రోజులు. కంపెనీ నుంచి ఈమెయిలు వచ్చింది. ఖాతాలో 61,400 పాయింట్లున్నాయి, అందులో సగం పైన డిసెంబరు ఆఖరుకు పోతాయని. చెన్నై నుంచి జెద్దా పోయి రావడానికి ఒక సీటుకు 30,000. అంటే సరిగ్గా రెండు సీట్లు.

అమ్మను ఉమ్రాకు పంపుదాం అనుకున్నాం.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. దుప్పటి మడతపెడుతూ మూడు ప్రశ్నలడిగింది. ఇది అప్పు కాదు కదా? వడ్డీ కలవలేదు కదా? ఎవరిదన్నా హక్కు ఇందులో ఉందా? మొదటి రెండిటికీ తేలిగ్గానే జవాబు చెప్పాం. మూడోదానికి తడుముకున్నాం. కంపెనీ పని మీద పోతే వచ్చినవి కంపెనీవా, మావా? కంపెనీకి తెలుసు, వద్దనలేదు అని చెప్పాం. ‘అయితే అడిగిరా’ అంది. చిన్నోడు నిజంగానే కువైట్‌కు ఫోన్ చేసి మేనేజర్ని అడిగాడు. ఆ మనిషి నవ్వి ‘దుఆ చెయ్యమను’ అన్నాడు. అప్పుడు ఒప్పుకుంది.

రెండు సీట్లూ ఒకే విమానంలో కావాలి. అప్పటి నిబంధన ప్రకారం ఆడమనిషి ఉమ్రాకు పోవాలంటే మహ్రమ్ తోడుండాలి. అంటే భర్తో, కొడుకో, అన్నదమ్ముడో, నిఖా చెల్లని దగ్గరి బంధువు. నలభై ఐదు దాటినవాళ్లు గుంపుతో పోవచ్చుగానీ అమ్మ గుంపుతో పోనంది. సౌదీ వాళ్లు 2022లో ఆ నిబంధన తీసేశారు. 2017లో మాత్రం కొడుకు పక్కన లేకుండా వీసా లేదు. ఎవరు పోవాలన్న వాదన ఎక్కువసేపు నడవలేదు. పాయింట్లు చిన్నోడివి, సీటు పెద్దోడిది.

ఇంటర్నెట్‌లో కూర్చుంటే అమ్మ పేరు దగ్గరే బండి ఆగిపోయింది. ‘చివరి పేరు’ అనే గడి ఎర్రగా మెరిసి ముందుకు పోనివ్వలేదు. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ.

ఎందుకు ఖాళీ? 2016లో ఏడురోడ్ల దగ్గర ఒక షాపులో పాస్‌పోర్టు దరఖాస్తు నింపించాం. ఆ పిల్లాడు ‘ఇంటిపేరేంటమ్మా?’ అనడిగాడు. అమ్మ నిజమే చెప్పింది. ‘అత్తగారింట్లో షేక్ అంటారు. పుట్టింట్లో పఠాన్ అనేవాళ్లు. నన్నడిగితే నాగూర్‌బీ.’ పిల్లాడు తల గోక్కుని అన్నీ కలిపి పేరు గడిలో రాసి, ఇంటిపేరు గడి వదిలేశాడు.

వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. మా ‘షేక్’ మీరనుకునే ఇంటిపేరు కాదు. మీ ఇంటిపేరుకు ఒక ఊరుంటుంది, ఒక వంశం ఉంటుంది, దాయాదులుంటారు. మా బళ్లో మేష్టారు ‘షేక్’ అని పిలిస్తే ఎనిమిదిమంది లేచి నిలబడేవాళ్లం. ఎవరికి ఎవరూ ఏమీ కాము. మేష్టారు విసుగుపుట్టి ‘సాయిబుల్లో ఆ పొట్టోడు’ అనేవాడు. దూదేకుల వాళ్లకు మీలాంటి ఇంటిపేర్లే ఉంటాయి. మాకు తలలో ఒక బిరుదు, తోకలో ఒక బీ, మధ్యలో ఒక దర్గా.

అమ్మ పేరులో దర్గా నాగూరు. తమిళనాడులో నాగపట్నం పక్కన సముద్రం ఒడ్డున షాహుల్ హమీద్ వలీ దర్గా. నానీకి ముగ్గురు పిల్లలు పుట్టి పోయాక, ఈసారి నిలిస్తే నీ పేరే పెడతానని మొక్కుకుంది. నిలిచింది అమ్మ. ఇట్లాంటి పేర్లు మావే అనుకునేరు. నాగూరమ్మలు, మస్తానయ్యలు, హుసేనప్పలు హిందువుల ఇళ్లల్లో ఎంతమంది లేరు? గూగూడు కుళ్లాయిస్వామి పేరు పెట్టుకున్న కుళ్లాయప్పల్ని అనంతపురం జిల్లాలో వీధికొకర్ని చూపిస్తాం. ఆ పేర్లన్నీ ఒక గడిలో ఇమిడే పేర్లు కావు. అది మా పేర్ల తప్పా, గడి తప్పా?

సరే, ఫోన్ చేయక తప్పలేదు.

మా వరండాలో నులకమంచం మీద అమ్మ పాస్‌పోర్టు, పెద్దోడి పాస్‌పోర్టు, ఒక నోటుబుక్కు. ఫోన్ స్పీకర్లో. మా చిన్నప్పటి స్నేహితుడొకడు కూడా ఉన్నాడు. అతన్నెందుకు పిలిచామంటే, పాయింట్ల సీటయినా పన్నులు, రుసుములు డబ్బుగానే కట్టాలి. ఫోన్లో కట్టాలంటే క్రెడిట్ కార్డు కావాలన్నారు. మా ఇద్దరికీ లేదు. వడ్డీ భయంతో తీసుకోలేదు. అతనికుంది.

అతని గురించి ఒక మాట చెప్పాలి. పేరు చెప్పం. పెద్దోడి మొదటి వీసాకు తక్కువపడిన పదివేలు ఇచ్చినవాడు. అబ్బా పోయినప్పుడు జనాజాకు భుజం పట్టినవాడు. ఊళ్లో గొడవలప్పుడు మా వీధి చివర రాత్రంతా కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు. అట్లాంటివాడు, అమ్మకు ఊరికే సీటు వస్తోందని చెప్పగానే, నవ్వుతూ, ఏ చెడ్డబుద్ధీ లేకుండా అన్నాడు: ‘మీకేంలే, గవర్నమెంటు సబ్సిడీ ఉందిగా!’

మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. బస్సులో, బార్బరు షాపులో, రేషన్ క్యూలో. ‘మా పన్నుల డబ్బుతో మీరు మక్కా పోతారు.’ సబ్సిడీ హజ్‌కు ఉండేది, అదీ హజ్ కమిటీ ద్వారా పోయేవాళ్లకు. ఉమ్రాకు ఎన్నడూ లేదు. హజ్ సబ్సిడీ కూడా హాజీ చేతికొచ్చిన డబ్బు కాదు. కమిటీ చెప్పిన విమానమే హాజీ ఎక్కాలి. టిక్కెట్టులో హాజీ కట్టింది పోగా మిగతాది ప్రభుత్వం విమాన కంపెనీకి కట్టేది. డబ్బు ముట్టింది కంపెనీకి, మాట పడింది మేం. అసలు హజ్ స్తోమత ఉన్నవాళ్ల మీదే ఫర్జు. ఈ సబ్సిడీ మాకొద్దని మా పెద్దలు ఎందరో మొత్తుకున్నారు. పదేళ్లలో దశలవారీగా తీసేయమని సుప్రీంకోర్టు 2012 మే నెలలో చెప్పింది.

ఇదంతా ఆ రోజు అతనికి చెప్పామా? లేదు. కార్డు అతనిది. ఫోన్లో పాట వస్తోంది. అమ్మ టీ పోస్తోంది. నవ్వి ఊరుకున్నాం. ఇట్లా నవ్వి ఊరుకోవడం మాకు బాగా అలవాటు. పరాయివాడైతే పోట్లాడతాం. సొంతమనిషి అంటే ఏం చేయాలో మాకింతవరకు తెలియలేదు.

ముప్పావుగంట పాట తర్వాత ఒక అమ్మాయి గొంతు పలికింది, ఇంగ్లీషులో. ముందు మేం మేమేనా అని పరీక్ష. ఖాతా ఎవరిది, పుట్టిన తేదీ ఎంత? జూలై 1. తోడు వచ్చేది ఎవరు, పుట్టిన తేదీ? జూలై 1. ఆమె ఒక క్షణం ఆగింది. కవలలా అనుకుందేమో. మా హెడ్మాస్టరు పుణ్యమమ్మా, బళ్లో చేరిన ప్రతి సాయిబు పిల్లాడూ జూలై 1నే పుట్టాడు అని చెప్పాలనిపించింది. ఇంగ్లీషులో అంత దూరం పోలేకపోయాం.

సీట్ల వేట మొదలైంది. విమానంలో మూడొందల సీట్లున్నా పాయింట్లకు వదిలేవి ఏ నాలుగో ఆరో. డబ్బుకు అమ్ముడుపోవనుకున్నవే వదులుతారు. రంజాన్ నెలలో, పిల్లల సెలవుల్లో అవి కూడా కనబడవు. డిసెంబరు మొత్తం లేదంది. జనవరి మొదటి వారంలో ఒకటుంది, రెండోది లేదంది. ‘ఒకరు సోమవారం, ఒకరు బుధవారం పోవచ్చు కదా’ అంది. మహ్రమ్ అనే మాటను ఆమెకు ఎట్లా చెప్పాలి? పెద్దోడు వచ్చీరాని ఇంగ్లీషులో ‘మదర్ అలోన్ నో విమాన్’ అన్నాడు. ఆమె ఇంకేం అడగలేదు. తేదీ తర్వాత తేదీ చూసుకుంటూ పోయింది. కీబోర్డు చప్పుడు మా వరండాలో వినబడుతోంది. పోను మూడో తేదీన రెండున్నాయి. రాను పద్నాలుగున రెండున్నాయి. పట్టుకోమన్నాం.

‘ప్రయాణికురాలి పేరు అక్షరం అక్షరం చెప్పండి’ అంది.

మా ఆపా కొడుకు ఒకప్పుడు హైదరాబాదు మాదాపూర్‌లో రాత్రి డ్యూటీ కాల్ సెంటర్లో పనిచేశాడు. అక్కడ వాడి పేరు కెవిన్. అమెరికావాళ్ల నోరు తిరగదని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఆల్ఫా, బ్రావో, చార్లీ అని అక్షరాలు చెప్పడం వాడికి నేర్పారు. మాకెవరు నేర్పారు? పెద్దోడు తనకు తెలిసిన పద్ధతిలో అందుకున్నాడు. ఆర్టీసీ బస్టాండులో బోర్డులు చదివినట్టు చదివాడు.

‘ఎస్ ఫర్ సిద్ధవటం. హెచ్ ఫర్ హిందూపురం. ఏ ఫర్ ఆళ్లగడ్డ. ఐ ఫర్ ఇచ్ఛాపురం. కె ఫర్ కడప.’ (2005కు ముందైతే ఇంగ్లీషులో కడప కూడా సి అక్షరమే. ఊరికి స్పెల్లింగు మారిస్తే ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది, మాకు మారితే పోలీసు ఎంక్వైరీ అంటారు.) ‘ఎన్ ఫర్ నంద్యాల. ఏ ఫర్ అనంతపురం. జి ఫర్ గుంటూరు. ఓ ఫర్ ఒంగోలు. ఓ ఫర్ ఒంగోలు. ఆర్ ఫర్ రాయచోటి.’

అటువైపు నిశ్శబ్దం. లైను తెగిందనుకున్నాం. తర్వాత అదే గొంతు, ఇంగ్లీషు కాదు, మెల్లగా, అచ్చ తెలుగులో: ‘ఒంగోలు రెండుసార్లా సార్?’

‘రెండుసార్లే తల్లీ’ అన్నాడు పెద్దోడు.

‘బీ అంటే?’

‘బద్వేలు, ఏలూరు, ఏలూరు.’

ఆమె నవ్వినట్టుంది. మళ్లీ వెంటనే ఇంగ్లీషులోకి పోయింది. కాల్ రికార్డవుతుంది కదా. తెలుగు మాట్లాడినందుకు ఎవరన్నా అంటారేమోనని మాకు కూడా భయమేసింది. ఆ అమ్మాయి ఊరేదో, పేరేదో అడగలేదు. అడిగినా అసలు పేరు చెప్పే వీలుండదని మాకు కెవిన్ వల్ల తెలుసు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. పేరంతా ఒక్క గడిలోనే ఉంది కాబట్టి, పాస్‌పోర్టుతో సరిపోవాలంటే అంతా కలిపి చివరి పేరుగా రాయాలట. మొదటి పేరు గడి ఖాళీగా ఉంటే మెషిను ఒప్పుకోదట. ‘ఎఫ్ ఎన్ యు’ అని రాస్తానంది. అంటే ఏంటన్నాం. ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’ అంది. మొదటి పేరు తెలియదు అని.

స్పీకర్లో అందరం విన్నాం. అమ్మకు ఇంగ్లీషు రాదుగానీ ‘నేమ్’ అనే మాట తెలుసు. మా మొహాలు చూసి ఏమైందని అడిగింది. చిన్నోడు తెలుగు చేసి చెప్పాడు. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి, మా ఇంటి ఉర్దూలో, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు అంది: ‘మేరా నామ్ మాలూమ్ నై కతే.’ నా పేరు తెలియదంట.

ఆధార్‌లో ఆమె ఒక రకం, రేషన్ కార్డులో ఒక రకం, ఓటరు లిస్టులో ఇంకో రకం. అన్నిచోట్లా తప్పో ఒప్పో పేరంటూ ఉంది. తెలియదు అని రాసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. అటు అమ్మాయి ‘సార్, లైన్లో ఉన్నారా?’ అంటోంది. సీట్లు ఆమె చేతిలో ఎంతసేపుంటాయో తెలియదు. వద్దంటే ఏమవుతుంది? పాస్‌పోర్టు మార్పించాలి, నెలో రెండు నెలలో పడుతుంది, పాయింట్లు డిసెంబరుకు పోతాయి, ఈ రెండు సీట్లు ఈ సాయంత్రానికే పోతాయి. మేం అమ్మ వైపు చూశాం. అమ్మ అబ్బా ఫోటో వైపు చూసింది. ‘రాయించండి. అల్లాకు తెలుసు కదా’ అంది.

రాయించాం.

తర్వాత పన్నులు. ఇద్దరికీ కలిపి, ఫోన్లో బుక్ చేసినందుకు వేసే రుసుముతో సహా, 19,000 చిల్లర. ఊరికే అనే మాటకు అది ఖరీదు. మా స్నేహితుడు కార్డు నంబరు ఒక్కొక్క అంకె నొక్కాడు. అతని ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. కళ్లద్దాలు ఇంటి దగ్గర మరిచాడు. అమ్మ తన కళ్లద్దాలు తీసి ఇచ్చింది. ఆ అద్దాలతో చదివి నొక్కాడు. ఆరు అక్షరాల నంబరు వచ్చింది. నోటుబుక్కులో రాసుకున్నాం. మర్నాడు పొద్దున్నే అమ్మ బియ్యం డబ్బాలోంచి 19,000 తీసి పెద్దోడితో అతనింటికి పంపింది. కార్డు బిల్లు వచ్చాక ఇద్దురులే అన్నా వినలేదు. వడ్డీ రోజు ఎప్పుడు మొదలవుతుందో ఎవరికి తెలుసంది.

జనవరి మూడున అమ్మ ఆ గాజు తలుపు దాటి లోపలికి పోయింది. ఇది పెద్దోడు చెప్పిన భాగం. చిన్నోడు అప్పటికి కువైట్‌లో ఉన్నాడు. కౌంటర్లో మనిషి పాస్‌పోర్టు చూసి, టిక్కెట్టు చూసి, ఇంకొకర్ని పిలిచి, ఇద్దరూ కలిసి చూశారు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పెద్దోడికి 13 ఏళ్ల ఇమిగ్రేషన్ వరసలన్నీ గుర్తొచ్చాయి. గడ్డం చూసి పక్కకు పిలిచిన రోజులతో సహా. చివరికి ముద్ర పడింది. గేటు దగ్గర మైకులో ఎవర్నో ‘మిసెస్ ఫ్నూ, మిసెస్ ఫ్నూ’ అని మూడుసార్లు పిలిచారు. అమ్మ తస్బీ తిప్పుకుంటూ కూర్చుంది. నాలుగోసారికి పెద్దోడికి వెలిగింది.

మధ్యలో విమానం మారేచోట ఇహ్రామ్ కట్టుకోవాలి. మీఖాత్ గాల్లోనే దాటుతుంది కాబట్టి జెద్దాలో దిగాక కడితే కుదరదు. పెద్దోడు నమాజు గదిలో రెండు తెల్ల గుడ్డలు చుట్టుకుని బయటికొస్తే అమ్మ చాలాసేపు చూసిందట. డ్రైవరు యూనిఫాంలో, జీన్స్‌లో, లుంగీలో చూసిన కొడుకు. ‘అచ్చం మీ అబ్బా’ అంది. మక్కాలో ఏం జరిగిందో మేం రాయం. అది ఆమెది.

పద్నాలుగున బయల్దేరి కడప చేరారు. పదహారున ఢిల్లీలో హజ్ సబ్సిడీ ఆ ఏడాది నుంచి రద్దు అని ప్రకటించారు. పదిహేడు పొద్దున మా స్నేహితుడు పేపరు చంకలో పెట్టుకుని అమ్మను చూడ్డానికొచ్చాడు. చిన్నోడు ఫోన్లో ఉన్నాడు, స్పీకర్లో. ఈసారి అటువైపు గొంతు మాది.

‘పాపం, మీవాళ్లకు సబ్సిడీ ఎత్తేశారు’ అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. అదే మమ్మల్ని ఎక్కువ పొడిచింది. అప్పుడు చెప్పాం. అన్నీ చెప్పాం. 2012 తీర్పు, డబ్బు ఎవరికి ముట్టింది, ఉమ్రాకు లేకపోవడం, పెద్దోడి మురిగిపోయిన పాయింట్లు, చిన్నోడి పాయింట్లు, బియ్యం డబ్బాలోని 19,000. కువైట్ నుంచి ఒకడు, మంచం మీంచి ఒకడు. కొంచెం గట్టిగానే చెప్పాం. అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. ‘నాకెప్పుడూ చెప్పలేదే’ అన్నాడు. అదీ నిజమే.

అమ్మ మా మాట మధ్యలో ఆపి అతనికి జమ్‌జమ్ నీళ్లు ఇచ్చింది, రెండు ఖర్జూరాలు ఇచ్చింది. ‘నిలబడి తాగు నాయనా’ అంది. అతను లేచి నిలబడి తాగాడు. తర్వాత జానిమాజ్ మడతలోంచి బోర్డింగ్ కార్డు తీసి చూపించింది. దాన్ని పారేయనివ్వలేదు పెద్దోణ్ణి. అతను ఈసారి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చదివాడు.

‘ఈ ఎఫ్ ఎన్ యు ఏందమ్మా?’

‘నేనే’ అంది అమ్మ.

2022 నవంబరులో, పాస్‌పోర్టు మీద ఒకే ఒక్క మాటగా పేరున్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమని యూఏఈ చెప్పింది. ఆ వార్త మేం అమ్మకు చదివి వినిపించలేదు. ఖాతాలో మిగిలిన 1,400 పాయింట్లు 2020లో, విమానాలే ఎగరని నెలల్లో, గడువు తీరి పోయాయి.